ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న 8 ఏళ్ల బాబు: బస్సు నంబర్లన్నీ గుర్తే, 3 + 2 మాత్రం రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

రిసోర్స్‌రూమ్_వైట్‌ఫీల్డ్ అడిగారు:

అందరికీ నమస్కారం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు ఒక సీబీఎస్ఈ బడిలో రిసోర్స్ రూమ్ (ప్రత్యేక సహాయం కావాల్సిన పిల్లలకి నేర్పే గది) చూస్తాను. మూడో తరగతిలో 8 ఏళ్ల బాబు ఉన్నాడు. ఫ్రాజైల్ ఎక్స్ (జన్యువులో మార్పు వల్ల పుట్టుకతో వచ్చే మేధో వైకల్యం), పూర్తి మ్యుటేషన్ అని డీఎన్ఏ రిపోర్టు ఉంది. ఇంట్లో తెలుగు, క్లాసులో ఇంగ్లీషు, ఆయాతో కన్నడ.

335ఈ కనపడితే కాడుగోడి అంటాడు, 500డి అంటే సిల్క్ బోర్డ్. మెట్రోలో వచ్చే "ముందిన నిల్దాణ" అనౌన్స్‌మెంటు అదే గొంతుతో దింపేస్తాడు. 1 నుంచి 50 దాకా గుక్కతిప్పుకోకుండా చెప్తాడు. "7 తర్వాత ఎంత?" అంటే మాత్రం మాట రాదు, లేదంటే మళ్ళీ 1 నుంచి మొదలుపెడతాడు. తెలుగు గుణింతం కూడా అంతేనని వాళ్ళమ్మ అంటున్నారు. క నుంచి కః దాకా పాటలా వస్తుంది, మధ్యలో "కూ" చూపిస్తే తెలియదు. పెన్సిల్ పట్టు బలహీనం, రెండు లైన్లకే చెయ్యి వదిలేస్తాడు.

ఎదురుగా కూర్చుని "ఇదేంటి?" అంటే తల పక్కకి తిప్పి చెయ్యి కొరుక్కుంటాడు, నవ్వుతాడు. అదే ప్రశ్న పక్క పిల్లాణ్ణి అడిగితే వెనక బెంచీ నుంచి జవాబు ఇతనే అరుస్తాడు. క్లాస్ టీచర్ దీన్ని మొండితనం అంటున్నారు.

బినే-కామత్‌లో ఐక్యూ 48, రోజువారీ పనులు కొలిచే వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీలో 62 వచ్చాయి. లెక్కలు, చదవడం ఏ దారిలో నేర్పాలి? ప్రశ్న ఎలా అడగాలి? ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడమంటారా అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. వాళ్ళకి ఏం చెప్పాలి?

పలకాబలపం (స్పెషల్ ఎడ్యుకేటర్) రాశారు:

మేడమ్, మీరు చూసి రాసిన వాటిలోనే సగం జవాబు ఉంది. ఫ్రాజైల్ ఎక్స్ ఉన్న మగపిల్లలు ఒక బొమ్మనీ, ఒక చోటునీ, ఒక బస్సు బోర్డునీ మొత్తంగా ఒక్క చూపులో పట్టేస్తారు. పట్టుకున్నాక ఏళ్లు గడిచినా వదలరు. అదే విషయాన్ని ముందు ఇది, తర్వాత అది అని వరసలో అందిస్తే జారిపోతుంది, ఎందుకంటే రెండో ముక్క వినేసరికి మొదటిది మనసులో నిలవదు. 1 నుంచి 50 దాకా చెప్పడం ఇతనికి వరస కాదు, ఒకే రాగం. మధ్యలో తుంచి "7 తర్వాత" అన్నారంటే ఆ రాగం తెగిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకోవడం తప్ప అతనికి వేరే దారి లేదు.

అందుకని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి కింద నుంచి కట్టుకురావడమనే మన అలవాటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ముందు పూర్తయిన పనిని చూపించండి, ముక్కల సంగతి ఆ తర్వాత. టిఫిన్ బ్యాగు సర్దడం నేర్పాలంటే అంతా మీరే సర్దేసి జిప్పు లాగడం ఒక్కటే అతనికి వదలండి. అది వచ్చాక జిప్పుకు ముందు పని, అంటే నీళ్ళ సీసా పెట్టడం కూడా అతనిదే. ఇలా వెనక నుంచి ముందుకు రావాలి. ప్రతిసారీ పని పూర్తవడం కళ్ళ ముందే ఉంటుంది.

లెక్కల్లో మొదట వేళ్ళ మీద లెక్కబెట్టించడం ఆపండి. లెక్కబెట్టడమంటేనే వరస. పరిమాణాన్ని ఆకారంగా చూపించండి. పాచికల మీది చుక్కలు 1 నుంచి 6 దాకా చూపుతోనే గుర్తుపట్టేదాకా ఆడించండి. ఒక్కో కార్డు రెండు సెకన్లు చూపి మూసెయ్యాలి, లెక్కబెట్టే వ్యవధి ఇవ్వకూడదు. తర్వాత 30 గుడ్ల అట్ట ట్రేలో ఐదేసి గుంటల వరసలు రెండు కత్తిరించి తీసుకోండి, 10 గుంటల చట్రం తయారవుతుంది. పై వరస నిండితే 5, కింద రెండు పడితే 7. 3 + 2 అంటే పై వరసలో మూడు ఎర్ర మూతలు, రెండు నీలం మూతలు, నిండిన వరస. ఆ బొమ్మ పక్కనే 3 + 2 = 5 అని జవాబుతో సహా రాసి ఉన్న కార్డు పెట్టండి. మొదటి రెండు వారాలు జవాబు అడగొద్దు, కార్డునీ చట్రాన్నీ జతచెయ్యడమే పని. ఆపైన జవాబు మీద కాగితం ముక్క కప్పండి. గవ్వలుంటే అష్టాచమ్మా అంత మంచి సాధనం లేదు. నాలుగు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడ్డాయో చూపుతోనే చెప్పాలి, పైగా పందెం వేస్తున్నప్పుడు అతన్ని ఎవరూ ప్రశ్న అడగడం లేదు.

ఒక హెచ్చరిక. ఫ్రాజైల్ ఎక్స్‌లో అన్నిటికన్నా గట్టి గోడ లెక్కలే. పదం చదవడం వచ్చిన పిల్లలకి కూడా తీసివేతలు ఏళ్ల తరబడి రావు. కాబట్టి కాలిక్యులేటర్‌నీ, డబ్బు వాడకాన్నీ లెక్కలు వచ్చాక అని వాయిదా వెయ్యకండి, ఇప్పటి నుంచే పక్కన నడవాలి. చిల్లర లెక్కకి బదులు "పై నోటు" పద్ధతి చాలు. ధర 10 లోపైతే 10 నోటు, 20 లోపైతే 20, దాటితే 50. ఒక అట్ట మీద నోట్ల బొమ్మలు ఈ వరసలో అంటించి బ్యాగులో పెట్టండి.

ఐక్యూ గురించి. బినే-కామత్‌లో చాలా భాగం నోటితో అడిగి నోటితో చెప్పించేదే. అంకెలు విని తిరిగి చెప్పే అంశాలూ ఉన్నాయి. ఎదురుగా కొత్త మనిషి, సూటి ప్రశ్న, వినికిడి జ్ఞాపకం, ఈ మూడూ ఇతని బలహీనతల మీదే పడ్డాయి. వైన్‌లాండ్ అలా కాదు. ఇంట్లో ఏం చేసుకుంటాడో అమ్మని అడిగి రాసుకుంటారు. రోజువారీ పనులు ఈ పిల్లల బలం గనుక అక్కడ ఎక్కువ రావడం సహజం. ఇంకోటి, రెండేళ్ల తర్వాత మళ్ళీ పరీక్ష చేస్తే ఐక్యూ ఇంకాస్త తగ్గి కనపడొచ్చు. వచ్చినవి పోయాయని కాదు. ఈడు పిల్లల వేగంతో పోల్చే అంకె అది, ఇతను నేర్చుకుంటున్నా వాళ్ళు ఇంకా వేగంగా నేర్చుకుంటారు. తల్లిదండ్రులకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి, ఆ రోజు గుండె జారిపోకుండా ఉంటుంది. అయితే నిజంగానే వచ్చిన మాటలూ పనులూ పోతుంటే మాత్రం న్యూరాలజిస్టుకి చూపించాలి. ఫ్రాజైల్ ఎక్స్ దానంతట అది అలా చెయ్యదు.

మాటతీరు_ఎస్ఎల్‌పీ రాశారు:

స్పీచ్ థెరపిస్టుగా చెప్తున్నాను, క్లాస్ టీచర్ గారికి ఒక్క విషయం అర్థమైతే సగం పోరు తగ్గుతుంది. అది మొండితనం కాదు, బెదురు. ఈ పిల్లలకి మనుషులంటే ఇష్టమే, కానీ ఎదుటివాళ్ళు కళ్ళలోకి చూసి జవాబు కోసం ఆగారంటే ఒళ్ళంతా అలారం మోగుతుంది. అరచేతులు చెమర్చడం, చెవులు ఎర్రబడటం, నవ్వు, చెయ్యి కొరకడం అన్నీ దాని గుర్తులే. తల తిప్పుకున్నాడంటే మిమ్మల్ని వద్దంటున్నాడని కాదు, మీ దగ్గరే ఉండటానికి తంటాలు పడుతున్నాడని. కాబట్టి "నా వైపు చూడు" అనే మాట గదిలో వినపడకూడదు. వెనక బెంచీ నుంచి అరిచిన జవాబుని జవాబుగానే లెక్కలోకి తీసుకోండి, రిజిస్టరులో రాసుకోండి. అతనికి తెలిసింది ఎంతో తెలిసే చోటు అదొక్కటే.

కుర్చీ పక్కన వేసుకోండి, ఎదురుగా వద్దు. ఇద్దరూ పుస్తకం వైపు చూడాలి. ప్రశ్న అడగకుండా వాక్యం మొదలుపెట్టి చివర వదిలెయ్యండి. దీనికి తెలుగు బాగా కుదురుతుంది, క్రియ చివరికే వస్తుంది కదా. "కాకి కుండలో గులకరాళ్ళు..." అని రాగం తీసి ఆగితే "వేసింది" అని దానంతటదే వస్తుంది. క్రియ కాక పేరు కావాలంటే వాక్యాన్ని తిప్పండి: "రాళ్ళు వేసిందెవరంటే, నల్లటి..." ఆగాక మనసులో 10 లెక్కబెట్టండి. మనలో చాలామంది మూడో సెకనుకే అందించేస్తాం, అక్కడే చెడుతుంది. ఆ పది సెకన్లూ అతని మొహంలోకి కాదు, పుస్తకంలోకి చూడాలి.

ఇంకో పద్ధతి కావాలని తప్పు చెప్పడం. నీలం నందిని పాల పేకెట్ చూపించి "ఇది బిస్కెట్లు" అనండి. ఊరుకోలేడు. లేదా ఆయాతో మీరు మాట్లాడుతూ అతని గురించి పొరపాటుగా ఏదో అనండి, దిద్దుతాడు. ఈ పిల్లల్లో హాస్యం పుష్కలంగా ఉంటుంది, దాన్నే దారి చేసుకోవచ్చు.

అడిగిందే పదిసార్లు అడగడం మీకు కనపడే ఉంటుంది: "బస్సు ఎప్పుడు? బస్సు ఎప్పుడు?" అతనికి జవాబు తెలుసు. బెంగ పెరిగినప్పుడు అదే వాక్యం తిరుగుతుంది. ఒక్కసారి నోటితో చెప్పండి, రెండోసారి నుంచి బస్సు బొమ్మా టైమూ ఉన్న కార్డు వేలితో చూపించండి, మాట వద్దు. అప్పుడు గదిలో ఏం మారిందో వెతకండి. కొత్త టీచరు వచ్చారా, డ్రిల్లింగ్ మోత ఉందా, పీరియడ్ మారిందా.

మాట గబగబా ఒకదాని మీద ఒకటి పడిపోతుంటే అట్ట ముక్క మీద నాలుగు గుండీలు వరసగా కుట్టి ఇవ్వండి, ఒక్కో మాటకీ ఒక్కో గుండీ మీద వేలు. "నిదానంగా చెప్పు" అని వంద సార్లు చెప్పినదానికన్నా ఇది నయం.

ఇక తెలుగు. మానొద్దు. రెండు భాషలు వినడం వల్ల మాట వెనకబడదు, వెనకబాటుకి కారణం జన్యువు. అమ్మానాన్నలు తమకి సహజంగా రాని ఇంగ్లీషులో పొడి పొడి ఆజ్ఞలే ఇస్తారు, కథలూ ముద్దులూ పోతాయి. భారం మాటల్లో లేదు, లిపుల్లో ఉంది. రోమన్, కన్నడ, దేవనాగరి మూడూ ఒకేసారి రాయించడం ఈ చేతికి అన్యాయం. 2016 వికలాంగుల హక్కుల చట్టం 17వ సెక్షన్‌లో పాఠ్యక్రమంలో, పరీక్షల్లో మార్పులు, అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, రెండో మూడో భాష నుంచి మినహాయింపు ప్రభుత్వాల బాధ్యతగా రాసి ఉంది. ప్రిన్సిపాల్‌కి అర్జీ పెట్టేటప్పుడు ఈ సెక్షన్ నంబరు వెయ్యండి.

ఆడియాలజిస్టుకి ఒకసారి చూపించమనండి. చిన్నప్పుడు చెవి మధ్యభాగంలో నీరు చేరడం వీళ్ళలో తరచు, పైకి తెలియదు. ఆడియోగ్రామ్‌తో (వినికిడి పరీక్ష) పాటు టింపనోమెట్రీ (చెవి మధ్యభాగం పరీక్ష) కూడా అడగాలి. నిమ్హాన్స్‌లో స్పీచ్, ఆడియాలజీ విభాగం ఉంది. మైసూరు వెళ్ళగలిగితే ఆయిష్ (అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ) ఉండనే ఉంది.

చేతిపని_ఓటీ (ఆక్యుపేషనల్ థెరపిస్టు) రాశారు:

పెన్సిల్ సంగతి నేను చెప్తాను. ఈ పిల్లల కీళ్ళు వదులు, కండరాల బిగువు తక్కువ. వేళ్ళు వెనక్కి వంగిపోతుంటాయి, అందుకే రెండు లైన్లకే నొప్పి. బద్ధకం కాదు. దానికి కాపీరైటింగ్ పుస్తకం మందు కాదు.

వెడల్పు వెన్ను ఉన్న ఖాళీ రింగ్ ఫైలు అడ్డంగా పడుకోబెట్టి, ఎత్తు వైపు అవతల ఉండేలా పెడితే ఖర్చులేని ఏటవాలు బల్ల అవుతుంది. మణికట్టు పైకి లేచి పట్టు కుదురుతుంది. లావు మూడు పలకల పెన్సిల్, అదీ సగానికి విరిచి. పొట్టిదైతే గుప్పెట్లో పట్టుకోవడానికి చోటుండదు. పాదాలు నేలకి ఆనకపోతే కింద పాత టెలిఫోన్ డైరెక్టరీ లాంటి మందపాటి పుస్తకం. రోజుకి రాత 5 నిమిషాలు, అంతే. మిగతా జవాబులు అంటించే కార్డులు, రబ్బరు స్టాంపులు, కీబోర్డు. 8 ఏళ్లకి టైపింగ్ మొదలుపెట్టడం తొందరేమీ కాదు.

రాతకి ముందు 5 నిమిషాలు బరువు పని: నీళ్ళ సీసాల బుట్ట ఒక గది నుంచి ఇంకో గదికి మోయడం, గోడని రెండు చేతులా నెట్టడం, ఇంట్లో అయితే చపాతీ పిండి పిసకడం. కండరాలకి పని పడితే ఒళ్ళు కుదుటపడుతుంది. బరువు ఎంతన్నది చూసినవాళ్ళే చెప్పాలి, వదులు కీళ్ళ మీద అతి చెయ్యొద్దు.

అసెంబ్లీ, గంట, మైకు. అందరూ నిలబడ్డాక చివర్లో తీసుకెళ్ళండి, స్పీకరుకి దూరంగా లైను చివర నిలబెట్టండి. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారేటప్పుడే గొడవలు ఎక్కువ, కాబట్టి చేతికి ఒక పని ఇవ్వండి. హాజరు రిజిస్టరు ఆఫీసులో ఇచ్చి రావడం అతని ఉద్యోగం అనుకోండి, "పద, పద" అనకుండానే లేచి నడుస్తాడు. క్లాసులో అతని చోటు గోడ పక్క, ముందు వైపు. తలుపు దగ్గర వద్దు, ఎవరొచ్చినా ఉలిక్కిపడతాడు.

రిసోర్స్‌రూమ్_వైట్‌ఫీల్డ్ రాశారు:

అందరికీ చాలా థ్యాంక్స్ అండి. గుడ్ల ట్రే రేపే కత్తిరిస్తాను. రెండు సందేహాలు. చదవడం మొత్తం పదంతోనా, శబ్దాలతోనా? ఇంకోటి, సాయంత్రం థెరపీ సెంటరులో ఎదురుగా కూర్చోబెట్టి ఒకే కార్డు వరసగా 20 సార్లు అడుగుతున్నారు, ఆటిజం పద్ధతి అని. అక్కడ ఏడుస్తున్నాడు. బస్సుల పిచ్చి తగ్గించమని కూడా వాళ్ళే చెప్పారట.

పలకాబలపం రాశారు:

బస్సుల్ని తగ్గించడం ఎందుకండీ, అవే మీ పాఠ్యపుస్తకం. దినచర్యని మెట్రో పర్పుల్ లైన్ పటంలా గీయండి. ఊదా రంగు గీత మీద స్టేషన్ల బదులు ప్రార్థన, లెక్కలు, టిఫిన్, ఆటలు, ఇల్లు. ఒక అయస్కాంతం రైలు. పీరియడ్ అయిపోగానే రైలు జరపడం అతని పని. రోజంతా ఒకేసారి కళ్ళ ముందుంటుంది, తర్వాత ఏంటో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటలు రద్దయితే ఆ స్టేషనుకి ఎర్ర స్టిక్కరు ముందుగానే అంటించండి, అప్పటికప్పుడు కాదు.

సెంటరు విషయం. సుమారు సగం మంది ఫ్రాజైల్ ఎక్స్ మగపిల్లలకి ఆటిజం నిర్ధారణ కూడా అవుతుంది, కాబట్టి వాళ్ళు పూర్తిగా తప్పని అనను. కానీ ఎదురెదురుగా, ఒకటే ప్రశ్న, మళ్ళీ మళ్ళీ అన్నది ఈ పిల్లల బెదురుని నేరుగా పెంచుతుంది. వచ్చింది ఒకసారి సరిగ్గా చెప్పాక మళ్ళీ అడిగితే "తప్పు చెప్పానేమో" అనుకుని మార్చేస్తారు కూడా. పక్కన కూర్చుని, మూడు నాలుగు రకాల కార్డులు కలిపి, మరో పిల్లాడితో వంతులవారీగా చెయ్యమని రాసి పంపండి. ఎదుటివాళ్ళని చూసి దింపడంలో వీళ్ళు దిట్టలు, జోడీ ఉంటే నేర్చుకుంటారు.

చదవడం మొత్తం పదంతోనే. శబ్దాలు విడగొట్టడం జోలికి వెళ్ళొద్దు.

అచ్చు_హల్లు (రీడింగ్ ట్యూటర్) రాశారు:

పలకాబలపం గారూ, చివరి మాటతో నేను ఏకీభవించలేను. మొదలు మొత్తం పదంతోనే, అందులో సందేహం లేదు. పార్లే-జి, నందిని, మెజెస్టిక్, ఇవి ఇప్పటికే చదువుతున్నాడు. మొదటి మెట్టు అసలు రేపరు. రెండోది రేపరు రంగు పోయిన జిరాక్స్. మూడోది అదే పదం మామూలు నల్ల అక్షరాల్లో. ఈ మెట్లలో ఒకటి దాటేస్తే చాలామంది "నాకు రాదు" అంటారు, ఎందుకంటే వాళ్ళు చదివింది రంగుని. 40, 50 పదాలు నల్ల అక్షరాల్లో స్థిరపడేదాకా శబ్దాల మాట ఎత్తక్కర్లేదు.

కానీ అక్కడే ఆగితే కొత్త పదం ఎదురైనప్పుడు దారి ఉండదు. ఫ్రాజైల్ ఎక్స్ పిల్లల్లో కూడా శబ్దాల స్పృహ ఎంత ఉంటే చదవడం అంత ముందుకి వెళ్తుందని పరిశోధనల్లో కనపడింది. కాకపోతే దిశ మారాలి. శబ్దాల్ని పేర్చి పదం కట్టడం కాదు, వచ్చిన పదాన్ని విప్పడం. బస్ వచ్చు, బాల్ వచ్చు, బాగ్ వచ్చు. మూడు కార్డులూ ఒకదాని కింద ఒకటి పెట్టి ఇంగ్లీషు బి అక్షరం ఉన్న చోట పసుపు రంగు గీయండి. ఏమీ అడగొద్దు. నాలుగో రోజు కొత్త కార్డు పెట్టి "ఇది కూడా బ..." అని వదిలెయ్యండి.

తెలుగు ఇంట్లో నేర్పాలనుకుంటే గుణింతం వల్లెవేయించడం ఆపమనండి. అది ఇంకో రాగం అయి కూర్చుంది. "కూర", "కూత", "కూజా" బొమ్మలతో సహా మూడు పదాలు, "కూ" ఒక్కటే ఎర్రగా. మన లిపిలో హల్లూ అచ్చూ కలిసి ఒకే బొమ్మగా ఉంటాయి గనుక ఇది ఒక రకంగా వీళ్ళకి అనుకూలమే. ఒత్తులున్న పదాల్ని మాత్రం బొమ్మగా ఉంచేయండి, విప్పొద్దు. "అమ్మ" అన్నది ఒక ఆకారం, అది చాలు.

పలకాబలపం రాశారు:

సరేనండి, ఒప్పుకుంటున్నాను. 40 పదాల తర్వాత విప్పడం అనేది నేను రాసినదానికన్నా మేలైన మాట. మెట్లు దాటొద్దన్న హెచ్చరిక మాత్రం టీచర్లందరూ గోడ మీద రాసుకోవాలి.

జన్యుసలహా రాశారు:

చదువు గురించి నేను చెప్పేదేమీ లేదు. కానీ ఈ పోస్టు చూసే వేరే ఇళ్ళ వాళ్ళకోసం నాలుగు మాటలు.

ఎక్స్ క్రోమోజోము మీద ఎఫ్ఎంఆర్1 అనే జన్యువులో సీజీజీ అనే మూడక్షరాల ముక్క పదే పదే వస్తుంది. 44 సార్ల దాకా మామూలు, 45 నుంచి 54 మధ్యస్థం, 55 నుంచి 200 ప్రీమ్యుటేషన్ (పూర్తి మ్యుటేషన్‌కి ముందు దశ), 200 దాటితే పూర్తి మ్యుటేషన్. దాటాక ఆ జన్యువు మూతపడి, మెదడు కణాల కలయికలకి కావలసిన ప్రోటీను తయారు కాదు. జన్యువుని గుర్తించింది 1991లో. నయం చేసే మందు ఇవాళ్టికి లేదు. మూలకణాలు ఎక్కిస్తే తగ్గుతుందని డబ్బు అడిగేవాళ్ళ దగ్గరికి వెళ్ళకండి.

ఎదుగుదల ఆలస్యం అని వచ్చిన పిల్లలకి చాలా చోట్ల క్యారియోటైప్, మైక్రోఅర్రే, ఎక్సోమ్ అనే జన్యు పరీక్షలు చేయించి "అన్నీ నార్మల్" అని పంపుతారు. ఈ మూడూ సీజీజీ పెరుగుదలని పట్టుకోవు. చీటీ మీద విడిగా "ఎఫ్ఎంఆర్1, ట్రిప్లెట్ ప్రైమ్డ్ పీసీఆర్" అని రాయించాలి, అవసరమైతే సదరన్ బ్లాట్. ఒక చిన్న గొట్టం రక్తం చాలు. ఎక్సోమ్‌కి వేలకి వేలు పోశాక ఇది తెలియడం బాధాకరం.

మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే, అది అమ్మ నుంచి వస్తుంది. అంతమాత్రాన నేరం అమ్మది కాదు. ఆమెకి అది ఆరోగ్యంగా ఉన్న వాళ్ళ నాన్న నుంచి వచ్చి ఉండొచ్చు. ప్రీమ్యుటేషన్ ఉన్న తండ్రి దాన్ని కూతుళ్ళందరికీ ఇస్తాడు, కొడుకులెవరికీ ఇవ్వడు. మన ఇళ్ళలో మొదట వచ్చే మాట "మేనరికం చేసుకున్నారు, అందుకే". ఫ్రాజైల్ ఎక్స్‌కి మేనరికం కారణం కాదు. అమ్మానాన్నలు చుట్టాలు కాకపోయినా ఇలాగే వస్తుంది.

చెయ్యాల్సింది: అమ్మకి పరీక్ష. ఆమె అక్కచెల్లెళ్ళకీ, అమ్మ వైపు ఆడవాళ్ళకీ విషయం చెప్పాలి, నాన్న వైపు మేనత్త కూతుళ్ళకి కాదు. ఎందుకంటే అమ్మ వైపు వాళ్ళలో ఎవరికైనా అది ఉంటే ప్రతి కాన్పులోనూ ఆ ఎక్స్ బిడ్డకి వెళ్ళే అవకాశం సగానికి సగం. ప్రీమ్యుటేషన్ ఉన్న ఆడవాళ్ళలో సుమారు 20 శాతం మందికి 40 ఏళ్ల లోపే అండాశయాలు నెమ్మదిస్తాయి. తాతగారికి 50 దాటాక చేతులు వణకడం, నడక తూలడం మొదలైతే అది "వయసు" అని వదిలెయ్యక ఈ చరిత్ర న్యూరాలజిస్టుకి చెప్పండి. చెల్లి ఉంటే, బడిలో లెక్కలూ బిడియమూ సమస్యగా కనపడితే ఆమెనీ చూపించాలి, ఆడపిల్లలకి తేలికగా ఉంటుందని వదిలేస్తుంటారు.

బాబు విషయంలో ఒకటి: ఉన్నట్టుండి శూన్యంలోకి చూస్తూ 10, 15 సెకన్లు పిలిచినా పలకకపోతే ఫోనులో వీడియో తీసి ఉంచమనండి. మూర్ఛ ఈ మగపిల్లల్లో పదిమందిలో ఒకరిద్దరికి వస్తుంది. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) చేస్తారు, మందుకి సాధారణంగా లొంగుతుంది.

సర్టిఫికెట్ కోసం వెళ్ళేటప్పుడు, చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో ఫ్రాజైల్ ఎక్స్ అనే పేరు ఉండదు. మేధో వైకల్యం కిందే యూడీఐడీ కార్డు (వైకల్య గుర్తింపు కార్డు) తీసుకోవాలి, చాలా ప్రయోజనాలకి వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. డీఎన్ఏ రిపోర్టుతో పాటు ఐక్యూ, వైన్‌లాండ్ రెండు కాగితాలూ పట్టుకెళ్ళండి.

రిసోర్స్‌రూమ్_వైట్‌ఫీల్డ్ రాశారు:

బాబుకి చెల్లి ఉంది, యూకేజీ. అమ్మగారితో మాట్లాడతాను. సోమవారం నుంచి మెట్రో పటం, పక్కన కుర్చీ, గుడ్ల ట్రే, ఏటవాలు ఫైలు, రేపర్లు, రిజిస్టరు పని, అన్నీ మొదలుపెట్టనా?

మాటతీరు_ఎస్ఎల్‌పీ రాశారు:

అన్నీ ఒకేరోజు వద్దండి, గది మొత్తం కొత్తగా కనపడితే అదే బెదురు. సోమవారం కుర్చీ ఒక్కటే పక్కకి జరపండి, ప్రశ్నలు ఆపండి. బుధవారం పటం గోడకి పెట్టండి, రైలు మీరే జరుపుతూ ఉండండి. అతను వచ్చి అయస్కాంతం మీద చెయ్యి వేసిన రోజు నుంచి అది అతనిది. ట్రే వచ్చే వారం. క్లాస్ టీచర్ గారిని మాత్రం ఇవాళే ఒక నోటు పుస్తకం పెట్టమనండి, వెనక బెంచీ నుంచి వచ్చే జవాబులు తేదీతో రాయడానికి.